ఎనిమిది గళ్లు ముందు

“ఆ వరస మీద చెయ్యి పెట్టొద్దు మసరత్!” సాల్మన్ రాజు కుర్చీలోంచి లేచాడు. “కంపైలర్ ఫైల్ మొదట్లోనే రాసిండారు చూడు, ‘ఈ వరస మార్చకూడదు’ అని.”

ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ అది. అతను మేనేజరు, ఆమె ఇంజనీరు. పెట్టెలోని చిప్‌లో పట్టాల్సిన ప్రోగ్రాం నూట ఎనభై బైట్లు ఎక్కువైంది. బోరులో నీళ్లయిపోగానే మోటారును ఆపే భాగాన్ని తీసేద్దామని అతను తేల్చేశాడు. సాయంత్రం లింగాలలో రైతులకు పెట్టె చూపించాలి.

“అది తీసేస్తే ఇంగ పెట్టె ఎందుకు సార్? నీళ్లు లేకుండా తిరిగి మోటార్లు కాలిపోతాయి.”

“చిప్‌లో పట్టదు కదమ్మా!”

“పడతాది. చిప్‌లో అంకెలు పెట్టుకునే గళ్లుంటాయి, రిజిస్టర్లు. ముప్పై రెండు. అందులో ఎనిమిదింటికి సగం పొడుగు ఆదేశం చాలు. మన ప్రోగ్రాంను చిప్ ఆదేశాలుగా మార్చే కంపైలర్ తన వరసలో వాటిని ఆఖర్న పంచుతాంది. ముందు పంచితే ప్రోగ్రాం చిన్నదవుతాది.”

“ఆ కంపైలర్ బెంగళూరోళ్ల కాడ కొన్నాం. రాసినోళ్లు శానా పెద్దోళ్లు. వాళ్లకు తెలియంది నీకు తెలుసా?”

“గంట టైమియ్యండి సార్.”

మసరత్ ఎనిమిది గళ్లనూ ముందుకు తెచ్చింది. ప్రోగ్రాం తగ్గకపోగా నలభై బైట్లు పెరిగింది.

“చెప్పలా?” అన్నాడు సాల్మన్ రాజు.

ఆమె కంపైలర్ ఇచ్చిన ఆదేశాలను ఒక్కొక్కటే చదివింది. ఎనిమిదిలో రెండు గళ్లను వాడాలంటే వాటిలోని పాత అంకెలను ముందు దాచి, పని అయ్యాక తిరిగి పెట్టాలి. చోటంతా అక్కడే పోతోంది. ఆ రెండింటినీ ఎనిమిదిలో చివరికి జరిపి, మళ్లీ నడిపింది.

మొదట ఉన్నదానికంటే రెండు వందల పన్నెండు బైట్లు తగ్గింది!

సాయంత్రం లింగాలలో పేతురు అనే రైతు తోటలో పెట్టె బిగించి మోటారు ఆన్ చేశారు. పావుగంటకు పైపులో నీళ్లు సన్నబడి, గాలి బుసకొట్టింది. మరుక్షణం మోటారు తనంతట తానే ఆగిపోయింది. చుట్టూ ఉన్న రైతులు చప్పట్లు కొట్టారు.

“ఈ యేడు రెండు మోటార్లు కాల్చుకున్న్యా,” పేతురు పెట్టె మీద చెయ్యి వేశాడు. “దీన్ని ఈడనే పెట్టి పోండి.”

సాల్మన్ రాజు మొహం వెలిగిపోయింది. “నాదే తప్పు మసరత్. ‘మార్చకూడదు’ అని రాసినోడు ఎవడో గానీ, వాడొచ్చి నీకు సలాం కొట్టాల!”

“వాడు కాదు సార్,” మసరత్ నవ్వింది. “బెంగళూరులో నా మొదటి ఉద్యోగం ఆ కంపైలర్ కంపెనీలోనే. ఆ మాట నేనే రాసిన్యా.”