పడమటి గోడ చప్పుడు

నాది తాపీ పని. పాత సున్నపు పూత ఇటుకను వదిలేస్తే గోడ గుల్ల పడుతుంది. సుత్తి పిడితో తట్టి వింటే అది తెలిసిపోతుంది. పగలు వీధి రొదలో చెవికి ఏదీ ఆనదు. అందుకే జనం సద్దుమణిగాక ఒక నాలుగో అంతస్తు ఇంటికి వెళ్లాను.

ఇంటామె నిండు చూలాలు. ఇల్లంతా బాగుచేయిస్తున్నా, తాను పుట్టి పెరిగిన పడకగదిలో పడమటి గోడ మీద సున్నంతో తీర్చిన పాత పూల తీగలు మాత్రం చెక్కుచెదరకూడదని ఆమె పట్టు. ఉయ్యాల దాని పక్కనే వేస్తుందట. తీగల కింద గుల్ల తేలితే వాటినీ కొట్టేయాల్సిందేనని ముందే చెప్పాను.

గోడకు చెవి ఆనించి ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాను.

"ఏం తాతా, గోడకేమైనా దగ్గు పట్టిందా?" అంది గుమ్మంలో నిలబడి.

"దగ్గయితే మందు పోద్దును. రెండు చోట్ల గుల్లేనమ్మా."

తీగలున్న నడిమి భాగం ఒక్కటే మిగిలింది. ఆ గోడ అవతల గది లేదు, మెట్లు లేవు, నాలుగు అంతస్తుల ఎత్తున ఉత్త గాలి. నేను ఆమె వైపు వీపు తిప్పి, సుత్తి నేల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటున్నాను.

అప్పుడు గోడ మూడుసార్లు టక్కుమని నిండుగా మోగింది.

"హమ్మయ్య, ఇక్కడ గట్టిగానే ఉందిగా," అంది ఆమె. "ఇంక కొట్టేయక్కర్లేదు కదా తాతా?"

నేను కళ్లజోడు పెట్టుకున్నాను.

"ఇక్కడ నేనింకా తట్టలేదమ్మా," అన్నాను.