సత్రం తలుపు

ఈ ఏడు క్రిస్మస్ నాటకంలోనూ మరియ వేషం లిడియాకే దక్కింది. ముక్కుతో మాట్లాడే ఆ పిల్లలో ఏం చూశారో! “నీ గొంతు కరుకమ్మా, సత్రం ఆవిడకైతే అతికినట్టు సరిపోద్ది,” అన్నారు జయరావు మాస్టారు. క్రిస్టీనాకి ఒళ్లు మండిపోయింది. తలుపు తట్టిన మరియతో ఆ వేషం అనాల్సింది ఒక్కటే మాట: “చోటు లేదు, పో!”

రిహార్సల్ అయి యూత్ వాళ్లంతా వెళ్లాక, చర్చి హాలుకు తాళం వేయడానికి క్రిస్టీనా ఒక్కతే మిగిలింది. లిడియా విప్పి వెళ్లిన నీలం ముసుగు తను కప్పుకుంది. స్టేజీ మధ్యలో నిలబెట్టిన అట్టతలుపు తట్టి, లిడియా కంటే మెత్తగా అంది: “అమ్మా, చలేస్తోంది. తలుపు తియ్యండి.”

పక్కనున్న పత్తిమిల్లు హోరు ఆగిపోయింది.

తలుపు వెనక గడియ పడింది. ఆ అట్టకి గడియే లేదు.

లోపలినుంచి క్రిస్టీనా గొంతే కరుకుగా అరిచింది: “చోటు లేదు, పో!”