చేతి మీద వేళ్ళ గుర్తులు

"ఇవి నీ వేళ్ళే కదా," అంది ఆడపడుచు, ఆసుపత్రి మంచం మీదున్న తల్లి జబ్బ మీంచి నైటీ చెయ్యి పైకి లాగి.

జబ్బ మీద నాలుగు నల్లటి మచ్చలు వరసగా కమిలిపోయి ఉన్నాయి. వెనక పక్క బొటనవేలంత ఇంకొకటి ఉంది. కోడలు కాదనలేకపోయింది. అవి ఆమె వేళ్ళే మరి. పొద్దున బాత్రూంలో స్టూలు మీంచి లేవలేక అత్తగారు అవస్థ పడుతుంటే పట్టుకుని లేపింది. లేపుతుండగా ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది, ఆవిడ ఉన్నపళాన కూలబడిపోయింది. జరిగింది ఇంతే. కానీ ఇంతే అంటే ఎవరు నమ్ముతారు?

"లేపాను వదినా. అంతకుమించి ఏమీ చెయ్యలేదు."

"లేపితే తుంటి విరుగుతుందా? మా అత్తని నేనూ లేపుతున్నాను. ఆవిడకి గోరు కూడా విరగలేదు."

వార్డంతా ఇటే చూస్తోంది. పక్క మంచం ఆవిడైతే కమలాపండు ఒలవడం ఆపేసి మరీ వింటోంది. భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పని మీంచి పరిగెత్తుకొచ్చిన తాపీమేస్త్రీ, మోచేతుల దాకా సిమెంటు. అక్క మాట్లాడితే నేల చూపులు, పెళ్ళాం మాట్లాడితే కిటికీ చూపులు. ఇలాంటి మొగుణ్ణి సాక్ష్యానికి పిలిస్తే ఉరిశిక్ష ఖాయం.

"అమ్మా, నువ్వే చెప్పు. ఇది నిన్ను కొడుతోందా?"

అత్తగారు కళ్ళు మూసుకుంది. అవుననలేదు, కాదనలేదు. కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చాకిరీకి కాదు అన్న ఒక్క మాట కూడా కరువైందా?

"చూశావురా, భయంతో నోరు కూడా విప్పడం లేదు," అంది ఆడపడుచు తమ్ముడితో. "పోలీసుల సంగతి తర్వాత. ముందు పిల్లని నేను తీసుకుపోతాను. ముసలిదాన్నే ఇలా చేసిన మనిషి, నాలుగేళ్ళ పసిదాన్ని ఏం చేస్తోందో ఎవరికి తెలుసు. రేపు పొద్దున్నకి దాని బట్టలు సర్దు."

"పిల్ల జోలికి రాకండి వదినా," అంది కోడలు.

"సర్దుతావా లేదా?" ఆడపడుచు తమ్ముణ్ణే మళ్ళీ అడిగింది.

తమ్ముడు సరేనన్నట్టు తల ఊపాడు. ఆ ఊపు చూశాక కోడలికి ఏడుపు కూడా రాలేదు. మంచం పట్టీ గట్టిగా పట్టుకుంది.

అంతలో ఎక్స్‌రేలు పట్టుకుని డాక్టరమ్మ వచ్చింది.

"తుంటి ఒక్కటే కాదు. వెన్నులో రెండు పూసలు ఎప్పుడో నలిగిపోయాయి. ఒక పక్కటెముక విరిగి దానంతటదే అతుక్కుంది."

"విన్నావా, ఎప్పట్నించో సాగుతోంది ఈ బాగోతం," అంది ఆడపడుచు.

"నేను వెతికేది కొట్టినవాళ్ళని కాదమ్మా," అంది డాక్టరమ్మ. "ఈవిడ ఏం మందులు వాడుతున్నారు?"

"ఏమీ వాడదండీ," అన్నాడు కొడుకు.

"నీకేం తెలుసు? ఆయాసం మాత్రలు వాడుతుంది. నెలనెలా నేనే తెచ్చిస్తాను," అంటూ ఆడపడుచు సంచీలోంచి ఖాళీ షీటు తీసింది. "ఇది చూపిస్తే చాలు, మందులకొట్టు అతను కొత్తది ఇచ్చేస్తాడు. మూడేళ్ళ నుంచి ఇవే. అమృతంలా పనిచేస్తాయి, మోకాళ్ళ నొప్పులు కూడా పోయాయి."

డాక్టరమ్మ షీటు వెనక్కి తిప్పి చదివింది. "ఇది స్టెరాయిడ్. ఎవరో నాలుగు రోజులకి రాసి ఉంటారు. మీరు మూడేళ్ళు మింగించారు."

డాక్టరమ్మ మేస్త్రీ చేతుల కేసి చూసింది.

"నీకు తేలిగ్గా అర్థమవుతుంది బాబూ. ఎముక రోజూ మరమ్మతు జరిగే ఇల్లు. పాతది పీకే కణాలుంటాయి, కొత్తది కట్టే కణాలుంటాయి. ఈ మందు కట్టేవాళ్ళని చంపేస్తుంది, కొత్తవాళ్ళని పనిలోకి రానివ్వదు. పీకేవాళ్ళకి మాత్రం ఆయుష్షు పోస్తుంది."

"అంటే లోపలంతా గుల్లేనా అండీ?"

"గుల్లే. పైకి తెలీదు. ఆకలి పుడుతుంది, ముఖం గుండ్రంగా తయారవుతుంది, మనిషి కోలుకుంటోందని మనం సంబరపడతాం. చర్మం కూడా పలచబడిపోతుంది, పట్టుకుంటే చాలు ఇలా కమిలిపోతుంది. ఈ అమ్మాయి కొట్టలేదు. పట్టుకోకపోయుంటే తల పగిలేది." వెళ్ళబోతూ ఆగింది. "ఉన్నట్టుండి ఆపకూడదు. నేనే మెల్లగా తగ్గిస్తాను."

ఆడపడుచు ఖాళీ షీటు పట్టుకుని కింద కూలబడింది. "నా చేత్తో నేనే తెచ్చిచ్చానే అమ్మా," అని కుమిలిపోయింది. మేస్త్రీకి ఇన్నాళ్ళకి నోరు పెగిలింది. "పిల్ల ఎక్కడికీ రాదక్కా. వాళ్ళమ్మ దగ్గరే ఉంటుంది."

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అత్తగారి మీద కోపం కూడా సగం చల్లారింది. దుప్పటి సర్దుతూ వంగి, "ఒక్క మాట చెబితే నాకీ గతి పట్టేదా అత్తయ్యా?" అని అడిగింది.

అత్తగారు కళ్ళు తెరిచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కొట్టలేదంటే మరెందుకు విరిగిందని సంగతి మందుల దాకా వస్తుంది, ఆపేయమంటారని భయపడ్డానే. నాకు ఆపేసినా పర్లేదు, పిల్లకి మాత్రం ఆపొద్దు. అన్నం ముట్టడం లేదని నువ్వు పనికి వెళ్ళాక రోజూ దాని పాలల్లో నా మాత్ర ఒకటి నూరి కలుపుతున్నాను, ఇప్పుడిప్పుడే దానికి బుగ్గలొస్తున్నాయి."