ఎదురు వంగిన రెక్క

"గాలి తోస్తుంటే ఫ్యాను రెక్క గాలికే ఎదురు వంగుతోందేంటి సార్?" అడిగింది కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి.

రెక్క మీద గాలి ఒత్తిడి లెక్కగట్టి పంపడం నా పని. ఆ అంకెలను తన సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుని, రెక్క ఎంత వంగుతుందో చూడడం ఆమె పని.

"నీ సాఫ్ట్‌వేరే తప్పు చూపిస్తోందమ్మా. పదిహేనేళ్లుగా పంపుతున్నా నేను."

ఆమె ఒక కాగితం ఎత్తి పట్టుకుని ఊదింది. అది అవతలికి వంగింది. అంత అనుభవం ఉన్నవాణ్ణి కదా, నమ్మకం కుదరక నేనూ ఊది చూశాను.

నా ఫైలు తెరిస్తే, ఒత్తిడి దిశ చూపే గుర్తు ప్లస్ ఉండాల్సిన చోటల్లా మైనస్ ఉంది.

వెంటనే వర్క్‌షాపుకు ఫోన్ చేశాను. "రెక్కల పని ఆపండి. లెక్క తప్పింది."

"బతికించారు! ఇంకో గంటలో మొదలెట్టేవాళ్లం. ఎవరు పట్టుకున్నారు సార్?"

నోటిదాకా వచ్చిన "నేనే"ను మింగేసి, ఫోన్ ఆమె చేతికిచ్చాను.