‘అండి’ అన్నాక

“కట్,” అన్నాడు డైరెక్టర్.

కడియం నర్సరీలో అది ఏడో టేకు. డిటెక్టివ్ వైకుంఠరావు వేషం వేస్తున్న జాషువాకి ముచ్చెమటలు పోశాయి.

పాత నవలలో వైకుంఠరావు దొంగని కూడా ‘అండి’ అంటాడు. ఈ వెబ్ సిరీస్‌లో మాత్రం కాలర్ పట్టుకుని “రేయ్, నిజం కక్కరా” అనాలి. చిన్నప్పటి నుంచీ ఆ నవల అరిగిపోయేలా చదివిన జాషువాకి నోరు తిరగడం లేదు.

“ఇంకొక్క టేకు చూస్తాను. కుదరకపోతే రేపటికి వేరే హీరో,” అన్నాడు డైరెక్టర్.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. జాషువా అద్దె పుస్తకాల షాపులో ఎప్పుడో కొనుక్కున్న ఆ నవల పట్టుకుని మొక్కల వరసల్లోకి నడిచాడు. అసలు వైకుంఠరావు ఎలాంటివాడో అతనికే అర్థం కాకుండా పోయింది.

లారీలోకి మొక్కలెక్కిస్తున్న ఒక ముసలాయన అతన్ని చూసి ఆగాడు.

“ఆయన అరవరండి బాబు.”

“ఎవరు?”

“మీ డిటెక్టివ్ గారండి. ‘అండి’ అని ఊరుకుంటారు. ఆ మర్యాద మొయ్యలేక అవతలివాడే నిజం చెప్పేస్తాడు.”

“నవలలు బాగా చదివారా?”

“నాకు చదువు రాదండి.”

జాషువాకి ఉన్న మతి కూడా పోయింది. చదువు రానివాడికి ఇదంతా ఎలా తెలుసు? అడిగేలోగా షాట్‌కి పిలుపొచ్చింది.

“ఆ మొక్కలు ఎక్కడ దాచారండి?” అని జాషువా ఆగాడు.

దొంగ వేషగాడు నిజంగానే తడబడ్డాడు.

“కట్. ఇది నీకెవరు నేర్పారు?”

వేషం పోతుందన్న భయంతో జాషువా ముసలాయన వైపు వేలు చూపించాడు.

“ఎవరయ్యా నువ్వు? మధ్యలో నీ పెత్తనం ఏంటి?”

“తప్పు నాదేనండి,” అని ఊరుకున్నాడు ముసలాయన.

డైరెక్టర్ తిట్టబోయిన మాట మింగేసి మానిటర్ వైపు తిరిగాడు.

“సత్తిరాజు గారూ, లోడయిపోయిందండి,” అని డ్రైవర్ కేకేశాడు. దారిలో మొక్కలకి నీళ్లు పెట్టడానికి ముసలాయన కూడా ఎక్కాడు. లారీ ఒరిస్సా దారి పట్టింది.

జాషువా ఈసారి ‘రేయ్’ అన్నాడు. డైరెక్టర్ ఓకే అన్నాడు. వేషం నిలిచింది కానీ జాషువాకి సిగ్గేసింది.

ఊరికే నవల తెరిచాడు. ఆ షాపువాళ్లు ఎప్పుడో చిరగకుండా మొదటి కాగితాన్ని అట్టకి అతికించేశారు. ఇవాళ అతని చేతి చెమటకి ఆ జిగురు ఊడింది.

లోపల అంకితం ఉంది: ‘మొక్కల దొంగల్ని అండి అంటూనే పట్టుకునే కడియం కాపలాదారు సత్తిరాజు గారికి, మా వైకుంఠరావు మీరే కనుక.’