గోడదొర

బాత్‌రూమ్ తూము మూత ఎత్తగానే పిల్లితోకంత జుట్టు ఉండ బయటికొచ్చింది.

"ఛీ ఛీ! వీళ్లు మనుషులా, పశువులా?" మోచేత్తో ముక్కు మూసుకుంది వదిన.

"పశువుల్ని అనకు వదినా, పాపం అవి రేటింగులు ఇవ్వవు," అన్నాడు మరిది, సోఫా కిందనుంచి ఎవరో నమిలి పారేసిన ఎముకలు ఊడుస్తూ.

అన్నదమ్ములిద్దరూ కలిసి సముద్రం ఒడ్డున ఆ ఇల్లు కొని ఏడాది కాలేదు. అలలు చూస్తూ కాఫీ తాగొచ్చని కొన్నారు. తీరా కొన్నాక వదిన పీలుస్తున్నది ఫినాయిల్ వాసన.

సెలవులకి వచ్చిన కుటుంబాలు అద్దెకి దిగుతాయి. తిని, తాగి, తొక్కి పోతాయి. పోతూ పోతూ వెబ్‌సైట్‌లో స్టార్లు పెడతాయి. ఇంకొక్కరు ఒకే స్టార్ పెడితే ఇంటిని జాబితాలోంచి తీసేస్తామని నిన్ననే హెచ్చరిక వచ్చింది. తీసేస్తే ఇల్లు ఖాళీ. చేసిన అప్పు నెత్తిమీద.

ఆ మధ్యాహ్నం దిగినావిడ పిల్లలతో సముద్రానికి వెళ్లి, ఎంతోసేపు కాకుండానే రుసరుసలాడుతూ తిరిగొచ్చింది.

"ఎవరండీ, ఆ గోడమీద కూర్చునేవాడు?"

వదినా మరిదీ మొహాలు చూసుకున్నారు.

ఇంటికీ ఇసుకకీ మధ్య మోకాలెత్తు గోడ. పొద్దు పొడిచినప్పట్నుంచీ పొద్దుగూకేదాకా దానిమీద ఒక ముసలాడు. మరిది పెట్టిన పేరు గోడదొర. ఎప్పుడూ తడిబట్టలే. కాలిమీద పుండు, పుండుమీద ఈగలు. పక్కనుంచి వెళితే కుళ్లిన చేపల కంపు.

"మేం నీళ్లలో దిగింది మొదలు గుడ్లప్పగించి చూస్తున్నాడు. అక్కడితో ఆగాడా? మా పెద్దదాన్ని జబ్బ పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు! వాణ్ణి వదిలించండి. లేదంటే ఒక్క స్టారే. అదీ దయతలచి!"

నేల తుడిచిన నీళ్ల బకెట్ చేతిలో ఉండగానే వదిన గోడ దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా, సిగ్గులేదూ? ఆడపిల్లల్ని చూడ్డానికా ఇక్కడ చేరావు?"

అతను సముద్రం మీంచి చూపు తిప్పలేదు.

"పిల్లలు నీళ్లలో ఉంటే చూడకపోతే ఎలాగమ్మా?"

"విన్నావా మరిదీ! ఎంత నదురూ బెదురూ లేకుండా చెబుతున్నాడో!"

"వీళ్లు ఇల్లు ఖాళీ చెయ్యనీ. అప్పుడు లేస్తాలే తల్లీ."

"అందాకా కళ్లకి పండగన్నమాట!"

అతను ఏదో చెప్పబోయాడు. దగ్గు తెరలో ఆ మాట పోయింది. ఇసుకలో ఉమ్మాడు.

అంతే. బకెట్‌లో నీళ్లన్నీ అతని నెత్తిన పడ్డాయి.

మరిది అతన్ని కార్లోకి తోసి తీసుకెళ్లి, చీకటి పడేవేళకి తిరిగొచ్చాడు.

"ఊరవతల బస్సెక్కించాను వదినా. మళ్లీ కనిపిస్తే కాళ్లు విరగ్గొడతానన్నాను. అద్దాలన్నీ దించినా కంపు వదల్లేదనుకో!"

"ఏమైనా అన్నాడా?"

"దారిపొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. వెధవ! ఇంకా ఆశ చావలేదు."

"థాంక్సండీ, ఐదు స్టార్లూ మీవే," అంది దిగినావిడ. వదిన ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్న దుప్పట్లు ఆరేస్తుంటే కేక వినిపించింది. అది ఆటలో కేక కాదు.

వదినా మరిదీ పరిగెత్తేసరికి రక్షణ పడవ వచ్చేసింది. పెద్దపిల్లని ఒడ్డున పడుకోబెట్టారు. దగ్గుతోంది. చిన్నవాడి కోసం పడవ ఇంకా తిరుగుతోంది. తల్లి ఇసుకని గుప్పిళ్లతో మొహానికి కొట్టుకుంటోంది.

పిల్లని మోసుకొచ్చిన పడవ మనిషి చటుక్కున గోడవైపు చూశాడు.

"ఆయనేడీ?"

"ఎ... ఎవరు?" అన్నాడు మరిది.

"గోడమీద ఉండే ఆయన! ఇక్కడ నీళ్లు పైకి నెమ్మదిగానే ఉంటాయి. అడుగున మనిషిని లోపలికి గుంజేస్తాయి. మాకు కబురందేలోపే ఆయన బయటికి లాగేసేవాడు. ఇవాళేమయ్యాడు?"

మరిది తల దించుకున్నాడు. వదిన చేతులనుంచి ఫినాయిల్ వాసన వచ్చింది. ఆ చేతులు తనవి కాకపోతే బాగుండుననిపించింది.

"ఆయనెవరు?" అంది వదిన.

"ఇల్లు కొన్నారు, అమ్మినాయన మొహం చూడలేదా?"

"అంతా... ఏజెంటే చూసుకున్నాడు."

పడవ మనిషి సముద్రం వైపు తిరిగాడు.

"మీకు ముందు ఈ ఇంటిని అద్దెకిచ్చింది ఆయనే, పిల్లలకి భయంలేని సముద్రమని ప్రకటన వేశాడు, అది నమ్మి వచ్చినవాళ్ల పిల్లలిద్దరు పోయాక ఇల్లు అమ్మేసి ఆ గోడమీద కూర్చున్నాడు."