కాకి తన్నిన రోజు

"ఎంత పని చేసిండు వీడు!" ప్రతీక్ష కుర్చీలోంచి లేచి నిలబడింది.

వజీరాబాద్ నెట్ సెంటర్‌లో పక్కనే కూర్చున్న స్నేహల్ తెర వైపు వంగి చూసింది. కాలేజీ ప్రాజెక్టు కోసం మంగేశ్, కైలాశ్‌లతో కలిసి వాళ్లు నడిపే బ్లాగే అది. మధ్యాహ్నం ఎవరో కొత్త వార్త పెట్టారు. 'మన తోటి విద్యార్థి కైలాశ్ ఈ ఉదయం నాయ్‌గావ్ రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో చనిపోయాడు.' దాని కింద, వాళ్ల ప్రతి వార్త కిందా ఉండే వాక్యం: 'రెండు చోట్ల అడిగి రూఢి చేసుకున్నాం.'

"అయ్యో, కైలాశ్..." స్నేహల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏడ్వకు. ఉత్త అబద్ధమిది. మంగేశ్‌గాని పని."

పొద్దున కాలేజీ గేటు దగ్గరికి కైలాశ్ నానమ్మ పెంటవ్వ వచ్చింది. ముందురోజు వాకిట్లో కాకి వచ్చి మనవడి నెత్తి మీద తన్నిందట. కాకి తన్నితే చావు దోషం. ఆ మనిషి పోయాడని చుట్టాలకు కబురు పంపాలి, వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో దోషం పోతుంది, తర్వాత అసలు సంగతి చెప్పి నవ్వుకోవచ్చు.

"ఇంటింటికి తిరగనీకి నాకు కాళ్లు లేవు బిడ్డా. మీ కంపూటర్ల ఏస్తే దునియంత సదువుతదట గదా" అని బతిమాలింది.

ప్రతీక్ష కుదరదంది. మంగేశ్ మాత్రం, "ఫికర్ చెయ్యకవ్వా, నేను చూస్కుంట" అని నవ్వి, ఉమ్రి పోయే బండెక్కి తన ఊరికి పోయాడు. ఇప్పుడు వాడి ఫోన్ కలవడం లేదు.

"అబద్ధానికి రూఢి మాట గూడ తగిలిచ్చిండు సూడు, బేషరం!" అంది ప్రతీక్ష.

"కైలాశ్‌కే ఫోన్ చెయ్."

"చేసిన. బంద్ ఉంది. వాని ఫోన్ల చార్జింగ్ ఎన్నడుంటది? నాయ్‌గావ్ అంగడి ఫొటోలు తీస్తనని కాలేజీ కెమెరా తీస్కొని పోయిండు. సాయంత్రానికి సార్‌కు ఇయ్యాలె, అచ్చేస్తడు."

ఆమె భయమల్లా ప్రాజెక్టు చూసే శివరాం సార్ గురించే. బ్లాగులో ఒక్క తప్పుడు వార్త పడినా గుంపు మొత్తం ఫెయిల్ అని మొదటి రోజే చెప్పాడు. కాలువలో ఎద్దు పడి చచ్చిందని ఒకసారి వీళ్లు రాసుకొస్తే, సార్ బస్సెక్కి ఆ ఊరికి పోయి, ఎద్దును కళ్లారా చూసి వచ్చి, "బతికున్నదాన్ని చంపితిరి గదరా" అన్నాడు. పాస్‌వర్డ్ నలుగురికీ ఒక్కటే, సార్‌కూ తెలుసు. ఎవరు రాసినా గుంపు పేరుతోనే వస్తుంది. సార్ రోజూ చదువుతాడు గానీ అందులో ఎన్నడూ ఒక్క అక్షరం రాయలేదు. ఇక ప్రతీక్ష ఇప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. ఇంకోసారి తప్పితే చదువు మాన్పించి బట్టల దుకాణంలో కూర్చోబెడతానని తండ్రి మార్కండేయ తేల్చి చెప్పాడు.

"తీసేస్తున్న" అంది ప్రతీక్ష.

"అవ్వకు చెప్పకుంట తీస్తే, రేపు కైలాశ్‌కు జ్వరమొచ్చినా నిన్నే అంటది" అంది స్నేహల్.

ప్రతీక్ష ఆటో ఎక్కి ఇత్వారా పేటకు పోయింది. పెంటవ్వ ఇంటి నిండా జనం. ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. ఆస్తి పంచుకున్నప్పటి నుంచి ఆ గడప తొక్కని కైలాశ్ చిన్నాన్న బాలన్న, ద్వారబంధానికి తల ఆనించి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

పెంటవ్వ ప్రతీక్ష చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయింది. ముసలి కళ్లు మెరుస్తున్నాయి.

"సూసినవా బిడ్డా? బాలన్న గూడ అచ్చిండు! ఒక్కలు గూడ ఉత్తుత్తగ ఏడుస్తలేరు. నన్ను పొయ్యి గూడ ముట్టియ్యనిస్తలేరు, ఎంత నిజమనుకున్నరో!"

"కైలాశ్ నాయినేడి అవ్వా?"

"రాజన్ననా? జీపు కట్టించుకొని పోయిండు. ఊళ్లల్ల ఉన్నోళ్లకు చెప్పనీకే అయ్యుంటది. కండ్లు ఎర్రగ జేస్కొని, నా మొకం సూడకుంటనే పోయిండు. వానికి గింత నాటకం అస్తదని నాకే తెల్వదు."

"అవ్వా, ఇగ ఆ వార్త తీసేస్త. సార్ చూస్తే మా పని ఖతం."

"తీద్దువు గని, నువ్వు ఏడ్సినవా?"

"నేనా?"

"దోస్తువు గదనే. రెండు సుక్కలు రాల్చు, వానికే మంచిది."

ప్రతీక్ష కళ్లు మూసుకుని ప్రయత్నించింది. ఏడుపుకు బదులు నవ్వొచ్చింది.

"పో, నీకు నటన రాదు" అని పెంటవ్వ కూడా నోరు మూసుకుని నవ్వింది. "పోనీ, గింతమంది ఏడ్సిన్రు, సాలు. తీసెయ్. ఆడు అచ్చేయాల్లకు వీళ్లను పంపిచ్చి సేమ్యా పాయసం పెడ్త."

నెట్ సెంటర్‌కు తిరిగొచ్చేసరికి స్నేహల్ ఇంటికి పోయింది. ప్రతీక్ష వార్త తీసేసి కొత్తది రాసింది. 'కైలాశ్ క్షేమంగా ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చిన వార్త అబద్ధం. క్షమించండి.' కింద ఆ పాత వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. తను అడిగింది ఒక్క అవ్వనే. అయినా ఇందులో రూఢి చేసుకోవడానికి ఏముందని అదీ రాసేసింది.

వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూసింది. శివరాం సార్. ఆయన భుజాన కాలేజీ కెమెరా సంచి వేలాడుతోంది. ఆమె ప్రాణం కుదుటపడింది.

"కైలాశ్ కెమెరా ఇచ్చిపోయిండా సార్?"

సార్ తెర మీద ఆమె రాసింది చదువుతున్నాడు. చదివిందే మళ్లీ చదువుతున్నాడు.

"తప్పైంది సార్. కాకి తన్నిందని అవ్వ బతిమాలితే, మంగేశ్ ఆ చావు వార్త పెట్టిండు. వాన్ని ఏమనకండి సార్. నేను తీసేసిన."

సార్ కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నాడు. సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అది పెట్టింది నేనమ్మా."